1855 నాటి శాన్ ఫ్రాన్సిస్కో జూదగాడి జేబులో ఏ పిస్తోలు ఉండేది? దానితో వీధి అవతలి మనిషిని కాల్చగలడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1855లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే కథతో మీరు తెలుగులో ఒక నవల రాస్తున్నారు. అందులో ఒక జూదగాడు కోటు జేబులోంచి రెమింగ్టన్ కంపెనీ చేసిన రెండు గొట్టాల డెరింజర్ (అరచేతిలో పట్టేంత జేబు పిస్తోలు) తీసి, వీధికి అవతల నిలబడ్డ మనిషిని గుండెలో కాలుస్తాడు, వాడు అక్కడికక్కడే పడి చచ్చిపోతాడు. ఇది నమ్మేలా ఉందా, ఆ రోజుల్లో నిజంగానే జనం జేబుల్లో పిస్తోళ్లు వేసుకుని తిరిగేవారా, ఆ కాలపు రచయితలు ఇలాంటివి ఎలా రాశారు అని అడిగారు.

సూటిగా చెప్తాను. జేబులో పిస్తోలు ఉండటం నూటికి నూరుపాళ్లు నమ్మొచ్చు. రెండు గొట్టాల రెమింగ్టన్ మాత్రం కుదరదు, అది మార్కెట్లోకి వచ్చిందే 1866లో. వీధికి అవతల ఉన్నవాడి గుండెకు గురిపెట్టి కొట్టడం దాదాపు జరగని పని. అక్కడికక్కడే చావడం కూడా అంత మామూలు విషయం కాదు. జేబు పిస్తోలు పేకాట బల్ల వెడల్పు దూరం కోసం చేసిన ఆయుధం, అందులోనూ 1855 నాటి డెరింజర్‌ది ఒక్కటే గుండు. ఈ రెండూ మనసులో పెట్టుకుని రాస్తే మీ సన్నివేశం ఇప్పుడున్నదానికన్నా చాలా బలంగా వస్తుందని నా నమ్మకం.

నేను పెన్సిల్వేనియాలో ఒక చిన్న చరిత్ర మ్యూజియంలో పాత ఆయుధాల సేకరణ చూసుకుంటాను. శుభ్రం చేయడం, ఏ కాలానివో గుర్తించడం, రికార్డు రాయడం, ఎవరైనా తాతల నాటి పెట్టెలో దొరికిందని పట్టుకొస్తే అదేమిటో చెప్పడం నా పని. అలా వచ్చేవాటిలో పొడుగు తుపాకుల కన్నా జేబు పిస్తోళ్లే ఎక్కువ. చదువుకున్నది మాత్రం సాహిత్యం. అందుకే మీ ప్రశ్న చూడగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ముందు డెరింజర్ అన్న పేరు ఎవరిదో, ఆ మనిషి గురించి. హెన్రీ డెరింజర్ 1786లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో పుట్టాడు, తండ్రి జర్మనీ నుంచి వచ్చిన తుపాకుల పనివాడు. కొడుకు 1806లో ఫిలడెల్ఫియాలో సొంత దుకాణం పెట్టాడు. చాలా ఏళ్లపాటు అతని ప్రధాన వ్యాపారం ప్రభుత్వానికి రైఫిళ్లు చేసి ఇవ్వడమే. జేబు పిస్తోళ్లతో పేరు తర్వాత వచ్చింది, కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక ఆ పేరు దేశమంతా పాకింది. ఆ పిస్తోలు ఎలా ఉండేదంటే: ఒకటే గొట్టం, మూతి వైపు నుంచి మందు పోసి గుండు దిగ్గొట్టాలి, వెనకాల వేలిగోరంత రాగి క్యాప్ తొడగాలి, హ్యామర్ వెళ్లి ఆ క్యాప్ మీద పడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. పిడి వాల్‌నట్ చెక్కతో, పక్షి ముక్కులా వంగి ఉంటుంది. గొట్టం పొడవు ఒకటిన్నర అంగుళం నుంచి ఆరు అంగుళాల దాకా రకరకాలుగా ఉండేది. గుండు మాత్రం చిన్నది కాదు, ఎక్కువగా .41 క్యాలిబర్, అంటే పది మిల్లీమీటర్ల పైన. పిస్తోలు చిన్నదైనా గుండు పెద్దది, అదే దాని బేరం.

జతగా అమ్మేవారు. ఇది మీ నవలకు చాలా ముఖ్యం. ఒక్క గుండుతో పని అవుతుందన్న నమ్మకం కొనేవాడికీ లేదు, అమ్మేవాడికీ లేదు, అందుకే రెండు. జత ధర పదిహేను నుంచి పాతిక డాలర్ల దాకా ఉండేది. తూర్పు రాష్ట్రాల్లో మామూలు కూలీకి రోజుకు డాలరు అటూ ఇటూగా వచ్చే రోజులవి. కాబట్టి అసలు డెరింజర్ డబ్బున్నవాడి సామాను: లాయరు, వ్యాపారి, రాజకీయ నాయకుడు, చేతినిండా ఆడుతున్న జూదగాడు. మీ జూదగాడు ఓడిపోయి అప్పుల్లో ఉన్నాడని మొదటి అధ్యాయంలోనే రాశానన్నారు కదా, అలాంటివాడి దగ్గర జతలో ఒకటే మిగిలి, రెండోది తాకట్టులో ఉండటం ఎంతో సహజంగా ఉంటుంది. మా దగ్గరికి వచ్చేవాటిలో కూడా జత పెట్టెలో ఒక గుంట ఖాళీగా ఉండటం చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి, నకిళ్లు. డెరింజర్ పేరు ఎంతగా అమ్ముడుపోయిందంటే, అతని దగ్గర పనిచేసిన వాళ్లే బయటికెళ్లి స్లాటర్ అండ్ కంపెనీ అని పెట్టుకుని అదే పిస్తోలును అదే ముద్రతో చేయడం మొదలుపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ప్లేట్ అనే తుపాకుల వ్యాపారి కూడా అదే ముద్ర ఉన్న నకిళ్లు అమ్మాడు. డెరింజర్ కోర్టుకెక్కితే కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1865లో అతని పక్షాన తీర్పు ఇచ్చింది, ట్రేడ్‌మార్క్ చట్టం గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ కేసును ప్రస్తావిస్తారు. అతని పేరు ఇంగ్లిష్ స్పెల్లింగు మధ్యలో ఒకటే "ఆర్" అక్షరం ఉంటే, రెండు "ఆర్"లు పెట్టి రాసిన పేరు క్రమంగా ఆ జాతి పిస్తోళ్లన్నిటికీ సాధారణ నామం అయిపోయింది. కాబట్టి ఆనాటి పత్రికలో గానీ కథలో గానీ డెరింజర్ అని కనిపిస్తే, అది ఫిలడెల్ఫియా సరుకే అనుకోకండి. చిన్న ఒంటి గుండు పిస్తోలు అని మాత్రమే అర్థం.

ఇక 1855లో మీ పాత్రల జేబుల్లో ఏవేవి ఉండొచ్చో చెప్తాను, ఎందుకంటే సినిమాలు చూసి రాసేవాళ్లందరూ తడబడేది ఇక్కడే. డెరింజర్ ఉండొచ్చు. కోల్ట్ కంపెనీ 1849 మోడల్ పాకెట్ రివాల్వర్ తప్పకుండా ఉండొచ్చు. అది .31 క్యాలిబర్, ఎక్కువగా ఐదు గుళ్లది, ఒక్క హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలోనే 1873 దాకా మూడు లక్షలకు పైగా తయారైంది. సినిమాల్లో కనిపించే పెద్ద కోల్ట్‌ల కన్నా అప్పట్లో ఎక్కువ అమ్ముడైంది ఈ చిన్నదే. ఈథన్ అలెన్ పెప్పర్‌బాక్స్ ఉండొచ్చు, అది ఐదారు గొట్టాలను గుత్తిగా కట్టినట్టు ఉంటుంది, ట్రిగ్గర్ లాగుతుంటే గొట్టాలన్నీ తిరుగుతాయి. బంగారం కోసం వెళ్లినవాళ్లలో చాలామంది దీన్నే తీసుకెళ్లారు. బెల్జియం నుంచి దిగుమతైన చవక పిస్తోళ్లూ ఉండేవి. ఉండకూడనివి రెండు: స్మిత్ అండ్ వెసన్ మోడల్ 1 అనే ఏడు గుళ్ల రివాల్వర్ (1857లో వచ్చింది), మీరు రాసిన రెమింగ్టన్ డబుల్ డెరింజర్. రెమింగ్టన్ అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం, అది 1935 దాకా తయారవుతూనే ఉంది, దాదాపు లక్షా యాభై వేలు చేశారు, సినిమా వాళ్లకు సులభంగా దొరికేది. దాంతో 1850ల నాటి కథల్లోనూ అదే పెట్టేశారు.

జనం నిజంగా వేసుకుని తిరిగేవారా? అవును, ముఖ్యంగా దక్షిణాదిలో, పశ్చిమాన కొత్త ఊళ్లలో, పెద్ద నగరాల్లో. అప్పటి దర్జీలు ప్యాంటు వెనక తుంటి దగ్గర కుట్టే జేబుకు పిస్తోలు జేబు అనే పేరుండేది, అంత మామూలు విషయం. వాషింగ్టన్‌లో పార్లమెంటు సభ్యులు కూడా ఆయుధాలతోనే సభకు వచ్చేవారు. 1860లో దక్షిణ కరోలినా సెనేటరు జేమ్స్ హామండ్, రెండు సభల్లోనూ రివాల్వరూ కత్తీ లేనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర రెండు రివాల్వర్లు ఉంటాయి అని ఒక ఉత్తరంలో రాశాడు. బానిసత్వం మీద దేశం చీలిపోతున్న రోజులు, మాట మాటకు పెరిగి కొట్టుకునే దాకా వెళ్లిన సభలు. ఆ మాటను అతిశయోక్తి అనుకున్నా, ఆ కాలపు గాలి ఎలా ఉండేదో దానిలో తెలుస్తుంది.

అయితే దాచుకుని తిరగడాన్ని సమాజం గౌరవించలేదు. ఇది మీ నవలకు పనికొచ్చే అసలు సరుకు అని నేను అనుకుంటాను. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే ఆయుధం దాచుకుని తిరగడాన్ని నిషేధించాయి. ఇండియానా, అలబామా, వర్జీనియా ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. 1850లో లూసియానా సుప్రీం కోర్టు ఒక తీర్పులో బాహాటంగా ఆయుధం ధరించడం మగతనంతో కూడిన ఆత్మరక్షణ అనీ, దాచుకోవడం చాటుగా చంపేవాడి లక్షణమనీ అర్థం వచ్చేట్టు రాసింది. నడుముకు అందరికీ కనిపించేలా పెద్ద కోల్ట్ కట్టుకున్నవాడు పెద్దమనిషి, చొక్కా లోపల అరచేతిలో పట్టేంత పిస్తోలు దాచుకున్నవాడు పిరికివాడు, మోసగాడు. కానీ ఆ మాటలు చెప్పే పెద్దమనుషుల జేబుల్లోనే జత డెరింజర్లు ఉండేవి. మీ జూదగాడు పిస్తోలు తీయగానే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లో భయంతోపాటు ఒక చిన్న చీదరింపు కూడా కనిపించాలి. అది రాస్తే ఆ కాలం దానంతటదే వచ్చేస్తుంది.

ఇప్పుడు గురి సంగతి. మేం ఏటా అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో కొత్తగా చేసిన నకళ్లను పేల్చి చూస్తాం, సందర్శకులకు చెప్పేటప్పుడు తెలిసి చెప్పాలని. బల్లకు అటూ ఇటూ ఉన్నంత దూరంలో కాగితం మీద ఎక్కడ అనుకుంటే అక్కడే తగులుతుంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లేసరికి చెయ్యి అంత వెడల్పులో చెదిరిపోతుంది. వీధి దూరానికి మనిషి బొమ్మకు తగలడమే గొప్ప. కారణాలు సులభంగానే అర్థమవుతాయి: గొట్టం పొట్టి, గురి చూసుకునే ముల్లు గింజంత, పిడి రెండు వేళ్లకు సరిపోయేంత, ట్రిగ్గర్ గట్టిగా ఉండటం వల్ల లాగేటప్పుడే మూతి పక్కకు తిరిగిపోతుంది. వేగం కూడా తక్కువే, తర్వాత వచ్చిన రెమింగ్టన్ తూటా సెకనుకు 425 అడుగుల చుట్టూ మాత్రమే వెళ్లేది, ఇప్పటి మామూలు పిస్తోలు వేగంలో సగం కూడా కాదు.

పేలకపోవడం ఇంకో సమస్య. 1835 జనవరి 30న వాషింగ్టన్‌లో రిచర్డ్ లారెన్స్ అనే పెయింటరు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ మీదికి దగ్గరి నుంచే పిస్తోలు పేల్చాడు. క్యాప్ పేలింది, మందు అంటుకోలేదు. రెండో పిస్తోలు తీశాడు, అదీ అంతే. అరవై ఏడేళ్ల జాక్సన్ చేతికర్రతో వాడి మీద పడ్డాడు. ఆ రోజు గాలిలో తేమ వల్లే మందు చెమ్మగిల్లిందని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే తర్వాత పరీక్షించినప్పుడు రెండూ చక్కగా పేలాయి. శాన్ ఫ్రాన్సిస్కో అంటే సముద్రపు పొగమంచు. నిన్న రాత్రి కూరిన మందు, చెమట పట్టిన జేబు, పొద్దున్నే మంచు. జాగ్రత్తగలవాడు రోజూ పాత మందు తీసేసి కొత్తగా కూరుకునేవాడు, బద్ధకస్తుడు వారాల తరబడి అదే మోసేవాడు. మా దగ్గరికి వచ్చే పిస్తోళ్లలో కొన్నింటిలో ఇప్పటికీ మందూ గుండూ ఉంటాయి, నూట యాభై ఏళ్ల కింద ఎవరో కూరి మర్చిపోయినవి. అందుకే గొట్టంలోకి ఒక చెక్క పుల్ల దించి, లోపలి లోతునూ బయటి పొడవునూ పోల్చి చూడందే దేన్నీ ముట్టుకోం. మీ ఇంట్లోనో మీ బంధువుల ఇంట్లోనో ఇలాంటిది ఏదైనా ఉంటే మీరు స్వయంగా తీయబోకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

అక్కడికక్కడే చావడం గురించి. లేదనను, కానీ మామూలు దృశ్యం వేరు. గుండు నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి చాలాసార్లు ఒంట్లోనే ఆగిపోతుంది, తనతోపాటు కోటు గుడ్డ, చొక్కా గుడ్డ, మసి అన్నీ లోపలికి లాక్కుపోతుంది. సూక్ష్మక్రిముల సంగతి తెలియని వైద్యులు కడుక్కోని వేళ్లు పెట్టి వెతికేవారు. తగిలినవాడు ఆ రోజు మాట్లాడతాడు, మర్నాడు జ్వరం, వారానికి చీము, ఆ తర్వాత చావు. 1881 జులై 2న చార్లెస్ గిటో చిన్న బుల్‌డాగ్ రివాల్వర్‌తో కాల్చిన అధ్యక్షుడు గార్ఫీల్డ్ సెప్టెంబర్ 19 దాకా బతికాడు, చివరికి ఆయన ప్రాణం తీసింది గుండు కన్నా ఇన్ఫెక్షన్ అనే ఇప్పటి వైద్యుల అభిప్రాయం. దేశాధ్యక్షుడికే ఆ గతి అయితే 1855లో మీ పాత్రకు దక్కే వైద్యం ఎలాంటిదో ఊహించుకోండి. మీ కథలో దెబ్బ తిన్నవాడు నాలుగైదు రోజులు మంచం మీద ఉంటే, ఊరంతా వాడు బతుకుతాడా లేదా అని ఎదురుచూస్తుంటే, కాల్చినవాడి మెడకు తాడు పడుతుందా లేదా అన్నది ఆ మంచం మీదే ఆధారపడి ఉంటే, మీకు దొరికే టెన్షన్ అంతా ఇంతా కాదు.

నిజంగా జరిగిందే కావాలంటే మీ ఊళ్లోనే, మీ సంవత్సరంలోనే ఉంది. 1855 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ కోరా అనే జూదగాడు అమెరికా మార్షల్ (కేంద్ర ప్రభుత్వ శాంతిభద్రతల అధికారి) విలియం రిచర్డ్‌సన్‌ను పిస్తోలుతో కాల్చి చంపాడు. గొడవ మొదలైంది నాటకశాలలో, కోరాతో ఉండే బెల్ అనే ఆవిడ తమకు దగ్గరలో కూర్చోవడం మార్షల్ భార్యకు నచ్చకపోవడంతో. ఆత్మరక్షణ అని కోరా తరఫున వాదించారు, జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. ఆరు నెలల తర్వాత ఇంకో హత్య జరిగి నగరంలో విజిలెన్స్ కమిటీ, అంటే చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న పౌరుల దండు, లేచినప్పుడు, 1856 మే 22న, కోరాను కూడా బయటికి లాగి ఉరితీశారు. మీ నవలకు వెన్నెముకలా నిలబడే చరిత్ర ఇది, ఇప్పటికే చదవకపోతే దయచేసి చదవండి.

అందరికీ తెలిసిన కేసు లింకన్‌ది. నేను దాన్ని చెప్పేది హత్య గురించి కాదు, పిస్తోలు పరిమితి గురించి. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ ఫోర్డ్స్ థియేటర్లో జాన్ విల్క్స్ బూత్ చేతిలో ఉన్నది .44 క్యాలిబర్ డెరింజర్, మొత్తం పొడవు ఆరు అంగుళాల లోపు, బరువు పావు కిలో కన్నా తక్కువ. ఇప్పుడది అదే థియేటర్ మ్యూజియంలో ఉంది. బూత్ వృత్తి నటుడు, ఆ నాటకం తెలిసినవాడు, ప్రేక్షకులు పెద్దగా నవ్వే చోటు కోసం ఆగాడని అంటారు. లింకన్ తల వెనక నుంచి, అతి దగ్గర నుంచి కాల్చాడు. ఆ పిస్తోలుకు అదొక్కటే సరైన దూరం. ఆ తర్వాత ఏం చేశాడో గమనించండి: మేజర్ హెన్రీ రాత్‌బోన్ మీదికి రాగానే పిస్తోలు వదిలేసి కత్తి దూశాడు. మళ్లీ మందు కూరాలంటే అర నిమిషం పైనే పడుతుంది, అంతసేపు ఎవరూ ఆగరు. కత్తి ముందే సిద్ధం చేసుకున్నాడంటే, తన దగ్గరున్నది ఒకే ఒక్క గుండు అని లెక్క వేసుకునే వచ్చాడు. అంత దగ్గర నుంచి తలలో తగిలినా లింకన్ మర్నాడు ఉదయం 7:22 దాకా ఊపిరితో ఉన్నాడు.

దానికి ఆరేళ్ల ముందు, 1859 ఫిబ్రవరి 27న, వైట్ హౌస్ ఎదురుగా ఉన్న లాఫయెట్ స్క్వేర్‌లో కాంగ్రెస్ సభ్యుడు డేనియల్ సికిల్స్ తన భార్య ప్రియుడు ఫిలిప్ బార్టన్ కీని పట్టపగలు కాల్చాడు. ఒకటి కాదు, ఒకటికి మించి పిస్తోళ్లు పెట్టుకొచ్చాడు. మొదటి గుండు సరిగా తగల్లేదు, ఇద్దరూ పెనుగులాడారు, కీ తన జేబులో ఉన్న ఆపెరా గ్లాసును (నాటకశాలలో వాడే చిన్న బైనాక్యులర్) సికిల్స్ మీదికి విసిరాడు. ఈ ఒక్క వివరం పది పేజీల వర్ణన చేయలేని పని చేస్తుంది. తాత్కాలిక ఉన్మాదం అన్న వాదనతో సికిల్స్ నిర్దోషిగా బయటపడ్డాడు, అతని లాయర్లలో ఒకడు ఎడ్విన్ స్టాంటన్, తర్వాత లింకన్ యుద్ధ మంత్రి అయినవాడు.

సాహిత్యంలోకి వస్తే, ఆయుధం తెలిసి రాసినవాళ్లు ముఖ్యంగా ఇద్దరు, బ్రెట్ హార్ట్, మార్క్ ట్వేన్. ఇద్దరూ పశ్చిమాన పత్రికల్లో పనిచేసినవాళ్లు.

1869లో వచ్చిన హార్ట్ కథ "ది ఔట్‌కాస్ట్స్ ఆఫ్ పోకర్ ఫ్లాట్"లో ఓక్‌హర్స్ట్ అనే జూదగాణ్ణి, మరికొందరితో కలిపి, ఊరి నుంచి వెళ్లగొడతారు. మంచు తుఫానులో అందరూ చిక్కుకుపోతారు. చివరికి అతను ఒక చెట్టు కింద చనిపోయి కనిపిస్తాడు, పక్కన డెరింజర్, గుండెలో గుండు. కథ మొత్తంలో ఆ పిస్తోలు ఎవరి మీదికీ లేవదు. నిబ్బరానికి పేరుపడ్డ మనిషి దాన్ని వాడింది తన మీదే. అందరిలోకీ బలవంతుడూ అతనే, బలహీనుడూ అతనే అన్న అర్థంతో కథ ముగుస్తుంది. జూదగాడి పిస్తోలు గురించి రాయాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పే కథ ఇదే.

ట్వేన్ రెండు రకాలుగా రాశాడు. 1872 నాటి "రఫింగ్ ఇట్"లో, 1861లో నెవాడాకు వెళ్లిన ప్రయాణం చెప్తూ తన దగ్గరున్న స్మిత్ అండ్ వెసన్ ఏడు గుళ్ల బుల్లి రివాల్వర్ గుళ్లను హోమియోపతి మాత్రలతో పోలుస్తాడు, ఏడూ కలిస్తే గానీ పెద్దవాడికి ఒక మోతాదు కాదట. తోటి ప్రయాణికుడి అలెన్ పెప్పర్‌బాక్స్ చెట్టుకు కొట్టిన పేకముక్కకు గురిపెడితే ఎడమ పక్కన ముప్పై గజాల దూరంలో ఉన్న కంచరగాడిదకు తగులుతుంది, దాని యజమాని తుపాకీ పట్టుకొచ్చి ఆ గాడిదను వాడిచేత కొనిపిస్తాడు. ఇది హాస్యమే, కానీ సాంకేతికంగా ప్రతి ముక్కా సరైనది. ఆ పెప్పర్‌బాక్స్ ట్రిగ్గర్ లాగేకొద్దీ గొట్టాలు తిరుగుతూ ఉంటాయి, గురి నిలబడే చోటే లేదు.

"హకల్‌బెరీ ఫిన్"లో స్వరం పూర్తిగా మారుతుంది. కర్నల్ షెర్బర్న్, తాగి తిడుతున్న బాగ్స్‌ను వీధిలోనే రెండు గొట్టాల పిస్తోలుతో కాలుస్తాడు. గొట్టాలు ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని ఉండటం, అవి నెమ్మదిగా, నిలకడగా కిందికి దిగడం, బాగ్స్ రెండు చేతులూ ఎత్తి కాల్చొద్దని అరవడం, రెండు పేలుళ్లు. ఆ తర్వాత షెర్బర్న్ పిస్తోలు నేల మీద పారేసి వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. రెండు గుళ్లూ అయిపోయాయి, ఇక అది పనికిరాదు. తన మీదికి ఎవరూ రాలేరన్న ధీమా అంతా ఆ పారేయడంలోనే ఉంది. దీని వెనక నిజమైన సంఘటన ఉంది. 1845 జనవరిలో, ట్వేన్ పిల్లవాడిగా ఉన్నప్పుడు, హానిబాల్ ఊళ్లో విలియం ఔస్లీ అనే వ్యాపారి శామ్ స్మార్ అనే రైతును వీధిలో కొద్ది అడుగుల దూరంలోకి వచ్చి కాల్చాడు. ఆ కేసులో సాక్షుల వాంగ్మూలాలు తీసుకుంది ట్వేన్ తండ్రే. మీరు వీధి సన్నివేశమే ఉంచాలని పట్టుబడితే దీన్ని దగ్గర పెట్టుకుని చదవండి. వీధి ఉంది, జనం ఉన్నారు, కానీ మధ్య దూరం కొన్ని అడుగులే.

ఆడవాళ్ల సంగతి క్లుప్తంగా. చలికి చేతులు దాచుకునే బొచ్చు మఫ్‌లో పట్టే చిన్న పిస్తోళ్లను మఫ్ పిస్తోళ్లు అనేవారు. 1870 నవంబర్ 3న శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఫెర్రీ మీద లారా ఫెయిర్, తన ప్రియుడు లాయర్ క్రిటెండెన్‌ను అతని భార్యాపిల్లల ఎదుటే చిన్న పిస్తోలుతో కాల్చింది. ఉరిశిక్ష పడింది, పై కోర్టు కొట్టేసింది, రెండో విచారణలో విడుదలైంది. ట్వేన్, వార్నర్ కలిసి రాసిన 1873 నాటి "ది గిల్డెడ్ ఏజ్"లో లారా హాకిన్స్ పాత్రకు ఆధారం ఈ కేసే.

నల్లవాళ్ల చేతిలో పిస్తోలు అంటే మాత్రం అది పూర్తిగా వేరే కథ, దాన్ని వదిలేసి ఈ కాలం గురించి రాయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. 1852 నాటి "అంకుల్ టామ్స్ క్యాబిన్" నవలలో పారిపోతున్న బానిస జార్జ్ హారిస్ సత్రంలో కోటు తెరిచి రెండు పిస్తోళ్లూ ఒక కత్తీ చూపిస్తాడు, తిరిగి దక్షిణాదికి ప్రాణాలతో వెళ్లనంటాడు. పెద్దమనిషి పరువుకో, జూదగాడి తెలివికో గుర్తుగా ఉన్న అదే వస్తువు అతని చేతిలో స్వేచ్ఛకు ఆఖరి హామీ. బయట కూడా అంతే. 1892లో మెంఫిస్‌లో తన మిత్రుడు థామస్ మాస్‌ను తెల్లవాళ్ల గుంపు చంపగానే తాను మొదట చేసిన పని పిస్తోలు కొనడమే అని పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ తన ఆత్మకథలో రాసుకుంది. చట్టం మాత్రం అటువైపు మొగ్గలేదు. టెనెసీ 1879లో సైన్యం వాడే ఖరీదైన పెద్ద రివాల్వర్లు తప్ప మిగతా పిస్తోళ్ల అమ్మకాన్నే నిషేధించింది. పెద్దవి ఇంట్లో ఉన్న మాజీ సైనికాధికారులకు ఇబ్బంది లేదు, ఒకటి రెండు డాలర్ల చవక పిస్తోలు మాత్రమే కొనగలిగిన పేదవాడికి, ముఖ్యంగా విముక్తుడైన నల్లవాడికి, తలుపు మూసుకుపోయింది. కాలిఫోర్నియాలో 1855లో చైనీయులూ, మెక్సికన్లూ, నల్లవాళ్లూ ఉన్నారు. తెల్లవాళ్లకు వ్యతిరేకంగా చైనీయుల, నల్లవాళ్ల సాక్ష్యం కోర్టులో చెల్లేది కాదు. మీ కథలో కాల్పులు చూసిన ఒకే ఒక్క మనిషి చైనా వంటవాడైతే ఏమవుతుందో ఆలోచించండి.

మీ అధ్యాయానికి నా సూచనలు ఇవి. రెమింగ్టన్ తీసేసి ఒంటి గొట్టం డెరింజర్ పెట్టండి. ద్వంద్వ యుద్ధాల పొడుగు పిస్తోళ్లతో దీన్ని కలపకండి. 1859లో సెనేటర్ బ్రోడెరిక్, కాలిఫోర్నియా మాజీ ప్రధాన న్యాయమూర్తి టెర్రీ శాన్ ఫ్రాన్సిస్కో పక్కన తలపడింది అలాంటి వాటితోనే, అక్కడ ఆనవాయితీలు వేరు. చొక్కా చేతిలోంచి స్ప్రింగుతో పిస్తోలు అరచేతిలోకి దూకే ఏర్పాటు ఎక్కువగా సినిమాల్లోంచి వచ్చింది, దాన్ని కూడా వదిలేయండి. మిసిసిపీ పడవల్లో నలభై ఏళ్లు జూదమాడిన జార్జ్ డెవోల్ 1887లో తన కథ రాసుకున్నాడు, పిస్తోలు ఉన్నా అతను గొప్పగా చెప్పుకుంది తలతో పొడిచి ఎదుటివాణ్ణి పడేయడం గురించి. జూదగాళ్లంతా క్షణంలో పిస్తోలు తీసేవాళ్లు కారు.

సన్నివేశాన్ని వీధిలోంచి బల్ల దగ్గరికి తెండి, లేదా మీ జూదగాడినే వీధి దాటించండి. దాటుతున్నంతసేపూ అవతలివాడు చూస్తూ ఉంటాడు, జనం చూస్తూ ఉంటారు, చెయ్యి జేబులో ఉందని అందరికీ తెలుసు. మొదటిసారి క్యాప్ మాత్రమే పేలినా బాగుంటుంది, పేలి భుజంలో తగిలినా బాగుంటుంది. పేలాక చేతిలో ఉన్నది పావు కిలో చెక్కా ఇనుమూ మాత్రమే, ఎదుటివాడు ఇంకా నిలబడే ఉన్నాడు, రెండోది తాకట్టు కొట్లో ఉంది. అక్కడి నుంచి మీ మనిషి ఏం చేస్తాడన్నది మీకే తెలుసు. ఆ భాగం తిరగరాశాక ఇక్కడే పెట్టండి, ఆయుధానికి సంబంధించిన వివరాలు నేను చూసి పెడతాను.